టెస్టింగ్‌కి మారిన ఖాదర్ భాయ్

అల్లూరు సెంటర్లో వలల కొట్టుకూ రొయ్యల మేత దుకాణానికీ నడుమ ఇరుక్కుని ఉంటుంది ఖాదర్ మొహిద్దీన్ డీటీపీ షాపు. పెళ్లి పత్రికలు, దినాల కార్డులు, తిరనాళ్ల కరపత్రాలు, ఉరుసు పోస్టర్లు, పుట్టినరోజు బ్యానర్లు, ఆ చుట్టుపక్కల ఎవరికి ఏ అక్షరం కావాలన్నా అక్కడికే రావాలి. వచ్చినవాళ్లకి ఆయన ముందుగా చెప్పే మాట ఒకటే. "తొందర పెట్టబాకండి. తొందరలో వత్తు జారిపోద్ది."

వత్తుల మీద ఆయనకు అంత ప్రేమ ఎందుకంటే, మీసం సరిగ్గా మొలవని వయసులోనే కావలిలో ఒక ప్రెస్సులో కంపోజిటర్‌గా చేరాడు. సీసపు అక్షరాలను అరల్లోంచి ఏరి, అద్దంలో చూసినట్టు తిరగేసి పేర్చే పని. అక్షరం ఒక అరలో ఉంటే దాని వత్తు ఇంకో అరలో ఉండేది. రెంటినీ కలపడమే తన బతుకు అనుకున్నాడు. ప్రెస్సు మూతపడ్డాక అల్లూరు వచ్చి, కంప్యూటర్ నేర్చుకుని, సొంతంగా షాపు పెట్టుకున్నాడు.

మొదట్లో ఆయనదీ అందరిలాంటి కంప్యూటరే. కానీ ఊళ్లోవాళ్ల పెన్‌డ్రైవులు ఊళ్లోవాళ్ల దగ్గులాంటివి. ఒకరు తెచ్చి అంటించిన వైరస్ ఇంకొకరికి పట్టుకునేది. కంప్యూటర్ ఎప్పుడు మంచం పడుతుందో, ఏ పెళ్లి పత్రికను మింగి కూర్చుంటుందో తెలిసేది కాదు. కావలి కాలేజీలో కంప్యూటర్లు బోధించే క్రీస్తురాజు చెల్లెలి పెళ్లి పత్రిక కూడా అలాగే మింగేసింది. ఆయన కోప్పడకుండా జాలిపడ్డాడు. సెలవు రోజు వచ్చి, ఖాదర్ కంప్యూటర్లో వైరస్‌లు అంతగా అంటని లినక్స్ రకం సిస్టమొకటి వేసి, పక్కన కూర్చుని దాని కథ చెప్పాడు.

"ఇందులో మూడు అంతస్తులుంటాయి ఖాదర్ గారూ. కొత్త ప్రోగ్రాం ఏదొచ్చినా ముందు అన్‌స్టేబుల్‌లో పడేస్తారు. అక్కడ కొన్నాళ్లు పెద్ద గొడవ లేకుండా గడిస్తే టెస్టింగ్‌కి వస్తుంది. టెస్టింగ్‌లో వాడేవాళ్లు వాడి చూసి తప్పులు చెప్తారు, చేసినవాళ్లు దిద్దుతారు. ఇంక చాలనుకున్నప్పుడు కొత్తవి రాకుండా తలుపులు మూసి, మిగిలిన తప్పులు ఏరి, స్టేబుల్ అని పేరు పెట్టి వదుల్తారు. రెండేళ్లకో, అటూ ఇటూగానో ఒకటొస్తుంది. మీకు వేసింది స్టేబుల్. మళ్లీ ఎడిషన్ వచ్చేదాకా ఇందులోకి కొత్త హంగులు రావు. పాతవాటికి చిల్లు పడితే మాత్రం పూడుస్తారు."

ఖాదర్ కళ్లు మెరిశాయి. "అంటే, కొత్త వలని వాళ్లే ముందు సముద్రంలో వేసి, చిరిగితే కుట్టి, ఇంక చిరగదని తేలినాకనే మన చేతికిస్తారన్నమాట!"

"అంతే."

"ఇంత బుద్ధిమంతులు ఎక్కడుంటారు సార్ వీళ్లు?"

ఆ రోజు నుంచి స్టేబుల్ అనే మాట ఖాదర్ నాలుక మీద స్థిరపడిపోయింది. కొత్త టీ పొడి మార్కెట్లోకి వస్తే ఏడాది ఆగేవాడు. కొత్త రోడ్డు వేస్తే ఒక వానాకాలం గడిచేదాకా పాత రోడ్డునే పోయేవాడు. భార్య జైతూన్‌బీ ఫోనులో చూసి కొత్త వంట చేస్తే దాన్ని ముట్టకుండా టిఫిన్ బాక్సులో పెట్టించుకుని షాపుకు తెచ్చేవాడు. తెచ్చి, పక్కనున్న వలల కొట్టు ముత్యాలయ్యకు పెట్టేవాడు.

ముత్యాలయ్య ఏది పెట్టినా తింటాడు, ఏది కొత్తగా కనిపించినా కొంటాడు, ఎవరు రమ్మన్నా పోతాడు. బ్యాటరీ స్కూటర్ మొదట కొన్నది ఆయనే. అది సగం దారిలో ఆగిపోతే తోసుకుంటూ వచ్చిందీ ఆయనే. ముత్యాలయ్య ఏదైనా వాడి, కొన్నాళ్లకు బాగానే కనబడితే, అప్పుడు ఖాదర్ దాని జోలికి పోయేవాడు. ఇలా ఇద్దరికీ స్నేహం బలపడింది. సాయంత్రం ఒకే టీ రెండు గ్లాసుల్లో పోసుకుని తాగేవాళ్లు. తాను ఖాదర్ భాయ్‌కి టెస్టింగ్ అంతస్తునని మాత్రం ముత్యాలయ్యకు తెలియదు.

అంతా సాఫీగా సాగుతుండగా చెంచమ్మ వచ్చింది.

చెంచమ్మ పట్టపుపాలెం మనిషి. గంగాభవాని మత్స్యకార మహిళా సంఘానికి పెద్ద. సంఘం తరఫున సెంటర్లో ఎండు చేపల కొట్టు తెరవబోతున్నారు. పెద్ద బ్యానర్ కావాలి, అందులో సంఘం ఆడవాళ్లంతా పడవ ముందు నిలబడి దిగిన ఫోటో రావాలి. కూతురి కొత్త ఫోనులోంచి ఫోటోను పెన్‌డ్రైవులో ఎక్కించుకుని తెచ్చింది. ఖాదర్ దాన్ని పెట్టాడు, నొక్కాడు, మళ్లీ నొక్కాడు. తెర మీద బూడిదరంగు డబ్బా తప్ప ఏమీ రాలేదు.

"ఇది కొత్త రకం ఫోటో అక్కా. నా దాంట్లో తెరుచుకోదు. వాట్సాప్‌లో పంపితే వస్తది గానీ, అంత పెద్ద బ్యానర్‌కి మసక కొడతది."

"ఎప్పుడు తెరుచుకుంటది?"

"కొత్త స్టేబుల్ వచ్చినాక. వచ్చే ఏడు."

చెంచమ్మ నడుం మీద చెయ్యి పెట్టుకుంది. "మా కొట్టు ఆదివారం తెరస్తా ఉండాం ఖాదరన్నా. నీ కంప్యూటర్ ముసిల్దైపోయింది. దాన్ని కూర్చోబెట్టి రాగిసంకటి పెట్టు. నేను నెల్లూరులో చేయించుకుంటాలే."

ఆమె కోపంలో మరిచిపోయిన పెన్‌డ్రైవులోని ఫోటోను ఖాదర్ ఇంకోసారి నొక్కి చూశాడు. సీసం అక్షరాల కాలం నుంచి తన చేతి అక్షరం పనికిరాదని అన్నవాళ్లు లేరు.

ఆ పూట భోజనాల దగ్గర జైతూన్‌బీ తమ్ముడు తహీర్ ఉన్నాడు. చెన్నైలో కంప్యూటర్ల ఉద్యోగం, సెలవు మీద వచ్చాడు. సంగతి విని నవ్వాడు.

"దీనికేముంది బావా, టెస్టింగ్‌కి మారు. అందులో ఆ ఫోటో తెరుచుకుంటది. ఒక ఫైల్లో ఒక మాట మార్చాలి, అంతే."

"టెస్టింగా? పరీక్షలో ఉన్నదాన్ని తెచ్చి పని మీద పెడతామా?"

"లోకంలో ఎంతమంది వాడటంలా! నేను ఆఫీసులోనే వాడతా ఉండా."

ఖాదర్ తల అడ్డంగా ఊపాడు. అప్పుడు జైతూన్‌బీ గరిటె కింద పెట్టింది. "ఈయన మారడులేరా. నేను చేసిన కొత్త కూర ఈ ఇంట్లో ఎప్పుడన్నా వేడిగా తిన్నాడా? ఊరంతా తిని బతికుందని తేలినాక, పాచిపోయినాక తింటాడు."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. ఖాదర్ చెయ్యి కడుక్కుని లేచాడు. "పదరా తహీర్. మార్చు."

తహీర్ నిజంగానే ఒక మాట మార్చాడు. ఆ తరువాత తెర మీద ఇంగ్లీషు వరసలు వానాకాలం చీమల్లా పాకడం మొదలుపెట్టాయి. పాతవి పోతున్నాయి, కొత్తవి వస్తున్నాయి. ఖాదర్ గుండె చేత్తో పట్టుకుని చూస్తూ కూర్చున్నాడు. అంతా అయ్యాక కంప్యూటర్ లేచింది. లేచిన దాన్ని చూస్తే, తను ఊరికి పోయొచ్చేలోపు ఎవరో ఇల్లంతా సర్దేసినట్టుంది. ప్రింటు గుర్తు ఒక మూల నుంచి ఇంకో మూలకు పోయింది. కత్తెర బొమ్మ కనబడనే లేదు. కానీ చెంచమ్మ ఫోటో మీద నొక్కగానే నీలి పడవ, దాని ముందు పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్న ఆడవాళ్లు, తెర నిండా వచ్చేశారు.

"అల్లా!" అన్నాడు ఖాదర్. వెంటనే చెంచమ్మకు ఫోన్ చేసి, నెల్లూరు పోవద్దని చెప్పాడు.

ఈ ముచ్చట ముత్యాలయ్యకు చెప్పకుండా ఉండలేకపోయాడు. ముత్యాలయ్య సెంటరంతా చెప్పకుండా ఉండలేకపోయాడు. "ఖాదర్ భాయ్ టెస్టింగ్ పెట్టినాడు!"

మర్నాడు షాపు తెరిచేసరికి ఇస్కపల్లి దారిలో రొయ్యల గుంటలున్న ఓబయ్య, రెండు వాటర్ బాటిళ్లతో మెట్ల మీద కూర్చుని ఉన్నాడు.

"ఇదో భాయ్. మూతకి గుడ్డపీలిక కట్టింది పెద్ద గుంట నీళ్లు, కట్టంది చిన్న గుంట నీళ్లు. కలిపేయబాక."

"నీళ్లు నాకెందుకు ఓబయ్యన్నా?"

"టెస్టింగ్ పెట్టినావంట గదా."

"అది కంప్యూటర్ టెస్టింగ్."

"కంప్యూటర్‌తో అయితే ఇంకా మంచిది. గుంట నీళ్లు టెస్టు చేసే ల్యాబుల్లో పిలకాయలు రంగు చుక్కలేసి, కంటితో చూసి చెప్తా ఉండారు. ఒకడు బాగుందంటాడు, ఒకడు సున్నం చల్లమంటాడు. నువ్వయితే కరెక్టుగా చెప్తావు."

"అన్నా, ఇది నీళ్లకి కాదు. ప్రోగ్రాములకి."

ఓబయ్య ఆలోచించాడు. జేబులోంచి పాలిథిన్ కవరు తీశాడు. అందులో రెండు రొయ్యలున్నాయి. "పోనీ, వీటిని చూస్తావా?"

మధ్యాహ్నానికి ఇంకో ముగ్గురు వచ్చారు. ఒకాయన బిందెతోనే తెచ్చాడు. తట్టుకోలేక ఖాదర్ పెద్ద అక్షరాలతో 'ఇక్కడ నీళ్లు టెస్టు చెయ్యబడవు' అని ముద్రించి తలుపుకు అంటించాడు. దాంతో అంతవరకూ ఆ సంగతే తెలియని వాళ్లు కూడా లోపలికొచ్చి, "మరి ఎప్పటి నుంచి చేస్తారు?" అని అడగడం మొదలుపెట్టారు.

ఈ రద్దీలోనే బ్యానర్ పని పూర్తి చేశాడు. తెర మీద అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. పెద్ద పెద్ద వత్తులు కింద ఒద్దికగా కూర్చున్నాయి. దాన్ని పిడిఎఫ్ చేసి నెల్లూరు ఫ్లెక్స్ ప్రెస్సుకు మెయిల్ కొట్టాడు. చేసిన పిడిఎఫ్‌ని మళ్లీ తెరిచి చూసుకోవాలనే ఆలోచన రాలేదు. ఇన్నేళ్లలో తెర మీద ఉన్నదే కాగితం మీదా ఉండేది. నమ్మకం అలవాటైన మనిషికి అనుమానం ఆలస్యంగా వస్తుంది.

ఫ్లెక్స్ శనివారం సాయంత్రం బస్సులో వచ్చింది. సంఘం వాళ్లే చుట్ట విప్పకుండా తీసుకుపోయి, ఆదివారం పొద్దున్నే కొట్టు మీద కట్టేశారు. ఖాదర్ ఉతికిన చొక్కా వేసుకుని ప్రారంభానికి బయల్దేరాడు. సెంటర్లోకి రాగానే జనం మూగి ఉండటం చూసి, నా బ్యానరే చూస్తున్నారు అని సంతోషపడ్డాడు. నిజమే, వాళ్లు బ్యానరే చూస్తున్నారు. చూడటమే కాదు, గొంతెత్తి చదువుతున్నారు.

"అల్‌లూరు గంగాభవాని మత్‌స్‌యకార మహిళా సంఘం. నెత్‌తళ్‌లు, సొర్‌ర ముక్‌కలు, రొయ్‌య పొట్‌టు దొరుకును. అందరికీ స్‌వాగతం."

ఒక్క వత్తు కూడా తన చోట లేదు. ప్రతి వత్తూ అక్షరమై లేచి నిలబడింది. దాని ముందున్న అక్షరం నెత్తిన పొల్లు పెట్టుకుంది. బ్యానరంతటికీ నత్తి వచ్చింది.

చెంచమ్మ బ్యానర్ కిందే నిలబడి ఉంది. పెద్దయ్యాక రాత్రి బడిలో చదువు నేర్చుకున్న మనిషి, రాసింది రాసినట్టు చదువుతుంది. ఖాదర్ని చూడగానే బ్యానర్ మూలనున్న తన పేరు మీదికి వేలెత్తింది.

"చెం... చమ్... మ. ఖాదరన్నా, ఈ చివరి మ ఎవురిది? మా అమ్మ పెట్టిన పేర్లో ఇన్ని లెవ్వే!"

"అక్కా, తెర మీద బాగానే..."

"మా కొట్టు తెర మీద లేదు. రోడ్డు మీద ఉండాది!"

విడవలూరు నుంచి వచ్చిన చుట్టాలామె ఒకావిడ అప్పుడే చెంచమ్మ భుజం తట్టి, "బాగున్‌నావా అక్‌కా?" అంది. మూగిన జనం పొట్టలు పట్టుకున్నారు. అందరికంటే గట్టిగా నవ్వింది ముత్యాలయ్య. షాపు దాకా ఖాదర్ వెంటే వస్తూ నవ్వాడు. షాపులో కూర్చుని కూడా నవ్వాడు. "భాయ్, నా పేరు ఎట్టా కొడతాదో చూడు. ముత్‌యాలయ్‌య!"

ఖాదర్‌కు అరికాలి మంట నెత్తికెక్కింది. "నవ్వు, నవ్వు. ముందు నీ మీద చూడకుండా తెచ్చుకున్నందుకు నాకీ శాస్తి కావాల్సిందే."

ముత్యాలయ్య నవ్వు ఆగింది. "నా మీద చూడటమేంది?"

ఖాదర్ నాలుక కరుచుకున్నాడు. కానీ అన్నం క్యారియర్ తెచ్చి అక్కడే నిలబడి ఉన్న జైతూన్‌బీకి దాపరికం తెలియదు. "మీకు తెల్దా అన్నా? కొత్తదేదైనా సరే, ముందు మీరు వాడి బాగున్నాకనే ఈయన ముట్టుకుంటాడు. నేను చేసే కూరలు కూడా అంతే."

ముత్యాలయ్య వేళ్లు మడుస్తూ లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. ఆయన కళ్ల ముందు ఒక్కొక్కటే కదులుతున్నట్టుంది.

"ఆ బీట్‌రూట్ బిర్యానీ?"

ఖాదర్ కీబోర్డు మీద లేని దుమ్ము తుడవసాగాడు.

"మరి ఆ పళ్ల డాక్టరు? కొత్తగా ఆస్పత్రి పెట్టినాడని నన్ను తీసకపొయ్యి, నీకంటే ముందు కుర్చీలో కూర్చోబెట్టినావే? పన్ను నొప్పి నీకు గదా!"

"నీకూ ఒక పన్ను అనుమానంగా ఉందన్నావు గదన్నా..."

"అనుమానం భాయ్! అనుమానం! నొప్పి కాదు! ఆ పన్ను పీకేసినాడు. ఆమీట నీ నొప్పి తగ్గిపోయిందని నువ్వు ఇంటికి పోయినావు!"

చెప్పులు వేసుకుని ముత్యాలయ్య తన కొట్లోకి వెళ్లిపోయాడు. ఆ సాయంత్రం టీ ఒకే గ్లాసులో వచ్చింది.

తహీర్‌కు ఫోన్ చేస్తే, సెలవు ఇంకా మిగిలి ఉండటంతో మళ్లీ వచ్చాడు. టెస్టింగ్ నుంచి వెనక్కి దారి లేదనీ, స్టేబుల్ కావాలంటే మొత్తం తుడిచి మొదటి నుంచి వేయాల్సిందేననీ చెప్పాడు. వేశాడు కూడా. చెంచమ్మ ఫోటోను తన ల్యాప్‌టాప్‌లో పాత రకంలోకి మార్చి ఇచ్చాడు. ఖాదర్ అది విని తల పట్టుకున్నాడు.

"ఈ పని మొన్ననే చెయ్యొచ్చు గదరా!"

"నువ్వు అడగలేదు బావా. నువ్వు మారేదెప్పుడో ఒకసారి, నాకు హుషారొచ్చేసింది."

కొత్త బ్యానర్ వచ్చి, చెంచమ్మ దాన్ని రెండుసార్లు కూడబలుక్కుని చదివి కట్టించుకున్నాక, తహీర్ ఇంకో మాట అన్నాడు. "తప్పు దొరికింది గదా, వాళ్లకి రాయాల. టెస్టింగ్ ఉన్నదే అందుకు. వాడి, చెడితే చెప్పకుండా పారిపోతే ఎట్ట?"

నత్తి బ్యానర్ ఫోటో పెట్టి, ఏది ఎలా చేస్తే అలా అయిందో తహీర్ ఇంగ్లీషులో రాసి పంపాడు. కొన్నాళ్లకు జవాబు వచ్చింది. రాసినతను ఏ దేశంవాడో తెలియదు, తెలుగు రాదు. అయినా తప్పు పట్టుకున్నాడు. అక్షరాలు కలిపే సరుకు కొత్తది వచ్చిందట. పిడిఎఫ్ చేసేది ఇంకా దానికి సర్దుకోలేదట. దిద్దాం, ఇంకోసారి చూసి చెప్తారా, మీకు చాలా థాంక్స్ అని రాశాడు.

ఖాదర్ దాన్ని తహీర్ చేత ఫోనులో రెండుసార్లు చదివించుకున్నాడు. "పరువు పోయింది నాది. థాంక్స్ వాళ్లు చెప్తా ఉండారే!"

జైతూన్‌బీ చేటలో బియ్యం ఏరుతూ, తలెత్తకుండా అంది. "వాళ్లు చెప్పి వాడిస్తా ఉండారు, వాడినోళ్లకి థాంక్స్ చెప్తా ఉండారు. ముత్యాలన్నకి మీరేం చెప్పినారు?"

మర్నాడు జైతూన్‌బీ ఎన్నడూ చెయ్యని మునగాకు హల్వా చేసింది. ఖాదర్ గిన్నెతో వలల కొట్టుకు వెళ్లి, ముత్యాలయ్య ఎదురుగా ముక్కాలి పీట వేసుకుని, మొదటి చెంచా తాను తిన్నాడు. ముఖం వంకర పోకుండా ఆపుకున్నాడు గానీ కళ్లలో నీళ్లు ఆగలేదు.

"ఎట్టుంది?" అన్నాడు ముత్యాలయ్య. అన్ని రోజుల తరువాత మొదటి మాట.

"నువ్వు తినబాక."

ముత్యాలయ్య ముఖంలో ఏదో సడలింది. వల అల్లే సూది పక్కన పెట్టాడు. "నేను వద్దన్నానా భాయ్? నాకు కొత్తవంటే ఇష్టమే. చెప్పకుండా చేస్తే మోసం. చెప్పి చేస్తే ఉద్యోగం."

"అయితే చెప్తా ఉండా. నా పాత కంప్యూటర్ ఒకటి మూలన ఉంది. దాంట్లో టెస్టింగ్ వేయిస్తా. వచ్చి కూర్చుంటావా?"

"చేతులుండే కుర్చీ వేస్తే కూర్చుంటా."

అలా ముత్యాలయ్యకు ఉద్యోగం వచ్చింది. బేరాలు లేని వేళ వచ్చి, పాత కంప్యూటర్ ముందు కూర్చుని, వల విప్పినట్టు అన్నిటినీ లాగి చూస్తాడు. ఆయన కనిపెట్టే తప్పుల్లో ఎక్కువ భాగం తప్పులు కావు. ఈ రంగు నాకు నచ్చలేదు, రాయి అంటాడు. మౌస్ తీగ ఊడిపోతే అదీ రాయమంటాడు. తహీర్ వాటిని ఏరలేక, కొన్నాళ్లు బావ ఫోను ఎత్తడం మానేశాడు. మధ్య మధ్య నిజమైన తప్పు కూడా దొరుకుతుంది. అప్పుడు ముత్యాలయ్య సెంటర్లో నడిచే తీరే వేరు. ఖాదర్ పని కంప్యూటర్ మాత్రం స్టేబుల్‌లోనే ఉంది. దాన్ని ఎవరూ ముట్టుకోరాదు.

బ్యానర్ ఏదైనా సరే, ప్రెస్సుకు పంపేముందు పిడిఎఫ్ తెరిచి, ముత్యాలయ్య చేత బయటికి చదివించడం షాపు కట్టుబాటైంది. ఆయన గొంతు అలల హోరులో పడవ మీద నుంచి ఒడ్డుకు కేకేయడానికి పుట్టిన గొంతు. మొన్న చెంచమ్మ సంఘం విడవలూరులో రెండో కొట్టు తెరుస్తూ మళ్లీ బ్యానర్‌కి వచ్చింది. చెయ్యి నడుం మీద పెట్టుకుని ముత్యాలయ్య వెనకాల నిలబడింది.

"చదువన్నా. వత్తు వత్తూ చదువు."

ముత్యాలయ్య గొంతు సవరించుకున్నాడు. "విడవలూరులో! గంగాభవాని వారి! ఎండు చేపల కొట్టు! నెత్తళ్లు! సొర్ర ముక్కలు! రొయ్య పొట్టు! ఈరోజే ప్రారంభం!"

"మెల్లిగా అన్నా, ఇంకా కొట్టు తెరవనే లేదు," అంది చెంచమ్మ.

అప్పటికే బస్సు కోసం నిలబడ్డవాళ్లలో ఇద్దరు సంచులు పట్టుకుని షాపు మెట్లెక్కేశారు. ఒకామె ఖాదర్ని అడిగింది, "నెత్తళ్లు ఎట్లిస్తారు?"

ఖాదర్ కళ్లజోడు సవరించుకుని, చెంచమ్మ వైపు వేలు చూపించాడు.